పకోడా కాదు, పగోడా

మా ఇంట్లో ఒట్టు పెట్టడం తప్పు. చర్చికి పోయే కుటుంబం. ఉన్నమాట చెప్పు, ఊరుకో, ఒట్లెందుకు అనేవాడు మా నాయన. అయినా ఇవాళ పెడుతున్నాను. ఇది నిజంగా జరిగింది. నాకే జరిగింది. నంద్యాలలో, స్టేషన్ రోడ్డు పక్కన. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే మాత్రం నేను ఊరుకోను.

డెబ్బైల చివరి మాట. నేను నంద్యాలలో టీచర్ ట్రైనింగ్ చదువుతూ మా మేనత్త ఇంట్లో ఉండేదాన్ని. మా జేజి కూడా అక్కడే ఉండేది. జేజి అంటే నాయనమ్మ. ఆళ్లగడ్డలో పుట్టిన మనిషి. పెళ్లి కాగానే తాతతో కలిసి రంగూను పోయింది. తాత ఓడరేవులో కూలి, జేజి ఒక పెద్దింట్లో ఆయా. పిల్లలిద్దరినీ, అంటే మా నాయననూ అత్తనూ, చిన్నప్పుడే ఆళ్లగడ్డకు పంపేసింది. తాత అక్కడే చనిపోయాడు. చాలా ఏళ్ల తర్వాత అక్కడి సర్కారు మనవాళ్లను వెళ్లిపొమ్మంటే, ఒక్కతే ఓడెక్కి మద్రాసులో దిగింది.

దిగింది గానీ, మనసు దిగలేదు. ఎవరు దొరికినా రంగూను చూపించేది. కూర్చున్నచోటు నుంచే.

"రంగూను పోతే పొద్దున్నే టీ అంగడికాడ కూర్చోవల్ల. మధ్యాన్నం మార్కెట్టు తిరగల్ల. ఎండ తగ్గినాక నది ఒడ్డుకు పోయి పడవలు చూడల్ల. దీపాలు పెట్టే యాళకు పగోడా ఎక్కల్ల. బంగారు పగోడా. మెట్ల కిందనే చెప్పులు ఇడువల్ల. పైనంతా నున్నటి చలవరాయి. నువ్వు పుట్టిన వారానికి ఒక మూల, ఆ మూలకొక జంతువు. దానికాడ చెంబుతో నీళ్లు పోస్తారు. మనం పోయకూడదు, మనం యేసయ్య బిడ్డలం. చూడొచ్చు."

పగోడా అంటే బౌద్ధుల గుడి అని మా ఇంట్లో ఎవరికి తెలుసు? మాకు తెలిసింది పకోడా. బంగారు పకోడా అని ఒకటే నవ్వులు. ఆమె పగోడా అన్నప్పుడల్లా అత్త ఉల్లిపాయలు తరిగేది. మా మామ అయితే, "వంటింటి కిటికీలోంచి కనపడిందే రంగూను ముసలామెకు. మిగతాదంతా అల్లిక" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. ఆమె అబద్ధాలాడే మనిషి కాదు.

ఆ మధ్య జేజి సాయంత్రం పూట ఇంట్లోంచి వెళ్లిపోవడం మొదలుపెట్టింది. ఒకసారి పాణ్యం రోడ్డులో ఎడ్లబండి ఆయన చూసి తీసుకొచ్చాడు. దాంతో మామ బజారు నుంచి ఇనుప గడియ కొనుక్కొచ్చాడు. వెనక గది తలుపుకు బయటివైపు బిగించడానికి. మర్నాడు వడ్లాయన, అంటే వడ్రంగి, వస్తాడు. ఆ గదికి కిటికీ కూడా లేదు. ఆ గడియ చూసి నాకు అన్నం సయించలేదు.

ఆ సాయంత్రమే కరెంటు పోయింది. జేజి గడప దగ్గర నిలబడి ఉంది.

"బేగా రా మే. పగోడా పోదాం. మళ్ల పోనిస్తారో లేదో."

లోపలినుంచి అత్త గొంతు మెత్తగా వినపడింది. "పాపం, పకోడా అడుగుతాంది. బండికాడికి తీసకపోయి తినిపిచ్చుకోని రా పాపా. రేపట్నించి యాడికి పోతాది."

పకోడా బండి కుడివైపు. జేజి ఎడమకు తిరిగింది.

"ఇటు కాదు జేజీ, బండి అటుండాది."

జేజి నా చెయ్యి పట్టుకుంది. ఎప్పట్లాగే ఒట్టి కాళ్లు, చేతికర్ర కూడా ఇంట్లోనే వదిలేసింది. మోకాళ్ల నొప్పులతో మూలిగే మనిషి... నన్ను లాక్కుని నడుస్తోంది. చీకటి. ఒక్క ఇంట్లోనూ లాంతరు లేదు. మామూలుగా కరెంటు పోతే వీధి వీధంతా అరుగుల మీదకు వస్తుంది కదా... ఆ రోజు ఒక్కరూ లేరు.

అప్పుడు వినపడింది. చిన్న చిన్న గంటలు. గల... గల... ఎడ్లబండి అనుకున్నాను. ఆగి విన్నాను. ఎడ్ల మెడలో గంటలు పక్కనుంచి వినపడతాయి. ఇవి పైనుంచి. చాలా పైనుంచి.

"ఈడ చెప్పులు ఇడువ్" అంది జేజి.

"నడిరోడ్డు మీద ఏందీ జేజీ?"

"ఇడువ్ అన్న్యా గదా."

విడిచాను. ఆళ్లగడ్డలో కుట్టించుకున్న టైరు చెప్పులు. ఎడమదానికి పట్టీ తెగితే నేనే రాగి తీగ చుట్టాను. విడిచి ఒక అడుగు వేశాను.

చల్లగా తగిలింది. నున్నగా... పాదం కింద పలచగా నీళ్లు.

ఆలోచించండి. నంద్యాలలో ఎండాకాలం. బిందెడు నీళ్లకు పంపు దగ్గర కొట్లాడుకునే రోజులు. ఆ రోడ్డు మీద మట్టి పగలంతా కాలి, చీకటి పడ్డాక కూడా అరికాళ్లు చురుక్కుమంటాయి. నా కాళ్ల కింద మాత్రం తడి. చల్లటి తడి.

చెంబు ముంచిన చప్పుడు... పోసిన చప్పుడు. మళ్లీ ముంచిన చప్పుడు. మాటలు లేవు. ఒట్టి కాళ్లతో చాలామంది నడుస్తున్నట్టు, మెల్లగా, మా చుట్టూ...

"నువ్వు పుట్టింది ఏ వారం?"

"మంగళారం."

"అట్లయితే సింహం." నా చెయ్యి పట్టి ముందుకు చాపింది.

వేళ్లకు రాయి తగిలింది. చుట్టలు చుట్టలుగా జూలు. తెరిచిన నోరు. పళ్లు. దాని గడ్డం మీదనుంచి నీళ్లు కారి నా మణికట్టు మీద పడ్డాయి... ఒక్కొక్క చుక్క... నాకు భయమేసింది. దాచుకునేదేముంది? ప్రభువా, ప్రభువా అనుకున్నాను.

"భయపడొద్దు. మనోళ్లే చానామంది."

"మనోళ్లంటే ఎవరు జేజీ?"

"ఓడ ఎక్కనోళ్లు."

ఆ మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది. ఓడ ఎక్కనోళ్లు. మా తాత లాగా అక్కడే ఉండిపోయినవాళ్లు. అంతటితో ఆగలేదు. ఆమె అటు తిరిగి, చాలా దగ్గరి మనిషితో మాట్లాడినట్టు, గొంతు తగ్గించి అంది.

"వస్తాలే. పాపను ఇంటికాడ ఇడిసిపెట్టి వస్తా."

ఎవరితో అంది? నాకేమీ కనపడలేదు. కానీ అప్పుడు నా భయం పోయి కోపం వచ్చింది. ఇంట్లోవాళ్లు గదిలో పెట్టి గడియ వేస్తామంటారు, వీళ్లెవరో చీకట్లో నిలబడి రమ్మంటారు. ఆమెను ఉండనిచ్చేవాళ్లే లేరా? జేజిని రెండు చేతులా గట్టిగా పట్టుకుని ఆ చీకట్లోకి చెప్పాను.

"రాదు. మా జేజి యాడికీ రాదు. మీరు పోండి."

చెంబు చప్పుడు ఆగిపోయింది. గంటలూ ఆగిపోయాయి.

కరెంటు వచ్చింది.

పత్తి గోదాము పక్కన ఖాళీ స్థలంలో ఉన్నాం. మట్టి. ముళ్లకంప. సింహం లేదు, చలవరాయి లేదు, మనిషి లేడు. నా చెప్పులూ లేవు. దీపం వెలుగులో ఆ స్థలమంతా వెతికాను. జేజి అలిగింది. ఇంటికి తిరిగివచ్చే దారంతా నా భుజం మీద వాలి, మోకాళ్లు పట్టుకుని మూలుగుతూనే నడిచింది.

"పకోడా తిన్న్యారా?" అంది అత్త గడపలో.

"పకోడా కాదత్తా. పగోడా."

మామ నవ్వబోయాడు. అప్పుడు అందరం నేల చూశాం. ఎర్రటి గచ్చు మీద రెండు జతల తడి అడుగులు. అంత మట్టిలో నడిచి వచ్చామా, మట్టి మరక లేదు. ఒట్టి నీళ్లు.

మామ దగ్గర అన్నిటికీ జవాబుంది. గోదాము గచ్చు కడిగి ఉంటారట. ఆళ్లగడ్డ శిల్పుల సింహాన్ని ఏ లారీ వాళ్లో దించి ఉంటారట. మరి కరెంటు వచ్చేసరికి ఎవరెత్తుకుపోయారు మామా అంటే, "నీకూ పిచ్చి పట్టిందా?" అన్నాడు.

"పట్టింది. ఆ గడియ బిగిస్తే నన్ను గూడా లోపలేసి బిగించు."

ఆ అడుగులు తుడిచింది మా అత్త. తుడిచిన గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. చిన్నపిల్లగా ఉన్నప్పుడు రంగూను నుంచి వచ్చేసిన మనిషి. ఏం వాసన వచ్చిందో అడిగాను. గుడ్డ మడిచి పక్కన పెట్టుకుంది. పొద్దున వడ్లాయన వస్తే, "ఏం పని లేదప్పా, పో" అని గడపలోంచే పంపేసింది. ఆ గడియ ఇప్పటికీ నా ట్రంకు పెట్టెలో ఉంది.

తర్వాత రోజూ సాయంత్రం జేజిని నేనే నడిపించాను. అదే రోడ్డు, అదే గోదాము. ఎన్నిసార్లు కరెంటు పోయిందో. మళ్లీ ఏమీ జరగలేదు. ఎనభైలలో, తన మంచం మీదనే, తలుపు బార్లా తెరిచి ఉండగా పోయింది. అంతకు ముందురోజు నన్ను పిలిచి అడిగింది.

"నీ చెప్పులు దొరికెనా?"

"లేదు జేజీ."

"ఉంటాయిలే. ఆడ చెప్పులు ఎవురూ ఎత్తకపోరు."

అది ఏమిటో నాకు తెలియదు. దయ్యాలంటే నమ్మను. జేజికి పిచ్చంటే అసలే ఒప్పుకోను. కడిగిన గచ్చు అనేవాళ్లు ఆ ఎండాకాలం నంద్యాలలో ఒక్క బిందె నీళ్లు తెచ్చి చూపించండి. కాదంటారా, మీలో ఎవరైనా రంగూను పోతే పగోడా మెట్ల కింద చూడండి. ఆళ్లగడ్డ టైరు చెప్పులు. ఎడమదానికి రాగి తీగ చుట్టి ఉంటుంది.