బ్లోయర్ స్విచ్ బేరం

ఎండాకాలం. ఆయాసపడుతున్న నాయనను మా పాత అంబాసిడర్‌లో ఆళ్లగడ్డ నుంచి నంద్యాల ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. దారిలో కారు బ్లోయర్ ఆగిపోయింది. ఆ గాలి లేకుండా నాయన కూర్చోలేకపోయాడు. ఆసుపత్రి ఊరికి అవతలి చివర ఉండటంతో, నంద్యాలలో అడుగుపెట్టగానే మెకానిక్ దగ్గర ఆపాను. అతను బ్యాటరీ నుంచి నేరుగా వైరు తగిలిస్తే ఫ్యాన్ గిర్రున తిరిగింది.

"ఫ్యాన్ బాగనే ఉండాదప్పా. స్విచ్చే కాలిపోయింది," అని ధర చెప్పాడు.

మాది అంగడి వంశం. చెప్పిన ధరకు కొనడం మాకు మైల. అలవాటుగా నవ్వి, పోతున్నట్టు నటించాను. అప్పుడు నాయన అందుకుని "సగానికిస్తావా?" అనాలి. చిన్నప్పటి నుంచీ మా జోడీ అదే.

"చెప్పినంత ఇచ్చెయ్ రా. తొందరగా పోదాం," అన్నాడు నాయన వెనక సీట్లోంచి.

మెకానిక్ ఆయన ముఖం చూసి, ఎవరూ అడగకుండానే ధర తగ్గించాడు. నాయన ఇక దక్కడని నాకప్పుడు అర్థమైంది.