లిఫ్టులో కాన్పు

అమీర్‌పేటలో ఏ గోడ చూసినా సాఫ్ట్‌వేర్ కోర్సుల పోస్టర్లే ఉన్న రోజులవి. అక్కడే, ఓ కోచింగ్ సెంటర్ పైఅంతస్తులో ఉన్న ఓల్డేజ్ హోమ్‌లో నేను నర్సింగ్ అసిస్టెంట్‌గా కొత్తగా చేరాను. మార్తమ్మగారిని చూసుకోవడం నా పని. ఆవిడ ఒకప్పుడు కాన్పుల నర్సు. మతిమరుపు ముదిరి, చివరికి నా పేరు కూడా గుర్తుండేది కాదు.

ఓ మధ్యాహ్నం పంజాగుట్టలో డాక్టరుకు చూపిద్దామని ఆవిడను చక్రాల కుర్చీలో లిఫ్టు ఎక్కించాను. రెండంతస్తుల మధ్య ఉండగా కరెంటు పోయింది. చిమ్మచీకటి.

"జర ఓపిక పట్టుండ్రి, జనరేటర్ చాలు అయితలేదు!" అని కింది నుంచి వాచ్‌మన్ అరిచాడు.

"భయపడకండమ్మా, నేనున్నాగా" అని ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. అంత ధైర్యం చెప్పిన నాకే కాసేపటికి ఊపిరాడలేదు. ఒళ్లంతా చెమటలు. తలుపు బాదుతూ ఏడ్చేశాను.

అప్పుడు ఆవిడ వేళ్లు నా మణికట్టు మీద నాడి వెతికాయి.

"నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయి తల్లీ? అరవకు, బలం పోతుంది. ముక్కుతో పీల్చు, నోటితో వదులు."

నన్ను కాన్పుకొచ్చిన మనిషి అనుకుంటున్నారు! అయినా ఆ గొంతులో ఏదో ధీమా. చెప్పినట్టే చేశాను. గుండెదడ మెల్లగా తగ్గింది.

చివరికి వాచ్‌మన్ ఇనుపరాడ్డుతో తలుపు తెరిచి, "అంతా మంచిగున్నరా?" అని కంగారుగా అడిగాడు.

మార్తమ్మగారు నా చెయ్యి వదలకుండానే, "తల్లీబిడ్డా క్షేమం" అన్నారు.

లిఫ్టంటే నాకిప్పటికీ భయమే. ఎక్కాల్సి వస్తే ముక్కుతో పీల్చి, నోటితో వదులుతాను. ఆ రోజు పుట్టిన బిడ్డను నేనేనేమో అనిపిస్తుంది.