పదండమ్మ మెట్ల కింది బొమ్మలు

మా అత్తయ్య అసలు పేరు ఒక్కోసారి నాకే గుర్తు రాదు, ఇక ఊళ్లోవాళ్లకేం గుర్తుంటుంది! అందరికీ ఆమె పదండమ్మ. సినిమా హాలు ఊడవడం ఆమె ఉద్యోగం. ఆట అయిపోయి దీపాలు వెలిగాయో లేదో, పొడుగాటి చీపురుతో తలుపు దగ్గర ప్రత్యక్షమై, "పదండి పదండి! పదండమ్మా, పదండి బాబూ! అవతల ఆటకి టైమైపోతోంది!" అని కేకలు మొదలుపెట్టేది. ఆ గొంతు వింటే, హీరో చచ్చిపోయాడని ఏడుస్తున్నవాళ్లు కూడా ఏడుపు మానేసి చెప్పులు వెతుక్కునేవాళ్లు. పేరు అలా అంటుకుపోయింది. "దాందేముందే, పిలిస్తే పలకడానికేగా పేరు" అనేది తను.

నేను అదే హాల్లో టీ, పాప్‌కార్న్ అమ్ముతాను. ఆమె కోడల్ని. నా నోరు పెద్దదని అందరూ అంటారు. నిజమే. చిన్న నోరు పెట్టుకుని హాల్లో టీ అమ్మగలిగేవాళ్లెవరైనా ఉంటే వచ్చి అమ్మి చూపించమనండి.

బొమ్మలే పాత్రలైన సినిమా ఒకటి మా హాలుకి మొదటిసారి వచ్చింది నేను కాపురానికొచ్చిన కొత్తలో. మొదటి నుంచి చివరిదాకా కంప్యూటర్ మీదే తయారైన సినిమా అని ఊరంతా చెప్పుకున్నారు. అప్పట్లో మాకు కంప్యూటర్ అంటే బ్యాంకులో అద్దాల గదిలో తాళం వేసి ఉంచే వస్తువు. "యంత్రం గీసిన బొమ్మల్ని చూస్తే నవ్వేం వస్తుంది, ఏడుపేం వస్తుంది? వారం ఆడితే గొప్ప" అని అప్పటి మేనేజరు పెదవి విరిచాడు. మొదటి ఆదివారానికే టికెట్ల కిటికీ దగ్గర ఒకటే తోపులాట!

ఏముంది ఆ సినిమాలో? మనుషులు గదిలోంచి వెళ్లగానే బొమ్మలు లేచి తిరుగుతాయి. అడుగుల చప్పుడు వినపడితే చాలు, ఎక్కడివక్కడ పడిపోతాయి. ఓ పిల్లవాడికి ప్రాణంతో సమానమైన పాత బొమ్మ ఒకటుంటుంది. ఆ ఇంటికి తళతళలాడుతూ కొత్త బొమ్మ వస్తుంది. ఇక పాతదానికి కంటి మీద కునుకుండదు. నేను ట్రే పట్టుకుని వరసల మధ్య తిరుగుతూ ముక్కలు ముక్కలుగా చూశాను. ఓ మధ్యాహ్నం పాత బొమ్మ మూతి ముడుచుకుని కూర్చున్న చోట, తలుపు దగ్గర నిలబడ్డ అత్తయ్య కిసుక్కున నవ్వింది.

"ఏమైంది అత్తయ్యా?"

"ఆ పాత బొమ్మ నేనేనే."

అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది నాకు. నేను వచ్చినప్పటి నుంచీ ఆమె నాకంటే ముందు లేచి పనులన్నీ చేసేసేది. నేను వంటింట్లోకి అడుగుపెడితే గిన్నెలు ఢమఢమలాడించేది. నేను మడతపెట్టిన దుప్పట్లు విప్పి మళ్లీ తనే మడతపెట్టేది. నాకు ఒళ్లు మండిపోయేది.

"అయితే నేను కొత్త బొమ్మనా?"

"కాదేంటి మరి! వచ్చినప్పటి నుంచీ మెరుస్తూ తిరుగుతున్నావుగా ఇల్లంతా. మా వాడు నిన్ను తప్ప ఎవర్నైనా చూస్తున్నాడా?"

ఇద్దరం తలుపు చాటున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. ఆ తర్వాత దుప్పట్ల గొడవ ఆగిపోయిందని అబద్ధం చెప్పను, తగ్గింది. ఆ సినిమా తర్వాత ఇంకా గొప్పగా బొమ్మలేసిన సినిమాలు ఎన్నో వచ్చాయి. వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టుకోవచ్చు వాటిలో, ఇంటికి చేరేలోగా మర్చిపోతాం. దీనికి మాత్రం జనం ఇప్పటికీ ఎందుకు వస్తారంటే నేను చెప్పేది ఒకటే. బొమ్మలు కంప్యూటర్‌వి, వాటి కడుపులో కుళ్లు మాత్రం మనదే. తన తర్వాత తమ్ముడో చెల్లెలో పుట్టిన ఎవర్నైనా అడగండి, చెబుతారు.

ఆ సినిమాతోనే మా హాల్లో ఓ అలవాటు మొదలైంది. పిల్లలు తమ బొమ్మల్ని కూడా వెంటబెట్టుకుని వచ్చేవాళ్లు, వాటికీ చూపించాలని. ఒళ్లో కుందేలు, సీటు చేతి మీద కారు. బాగానే ఉంది, ఆట అయ్యాక? "పదండి పదండి!" పిల్లలు ఉలిక్కిపడి లేచేవాళ్లు, బొమ్మలు జారి సీట్ల కిందకి దొర్లేవి. ఊడుస్తుంటే చీపురుకి తగిలేవి. ఇంకే సినిమా అయినా ఆమె తీసి బయట పారేసేదే. ఈ సినిమా చూశాక పారేయడానికి చేతులెలా వస్తాయి? మెట్ల కింద చిన్న గదిలో దాచేది. కొందరు తిరిగొచ్చి తీసుకెళ్లారు. చాలామంది రాలేదు.

వాటన్నిటిలో ఓ గుడ్డ ఏనుగు మీదే ఆమె బెంగంతా. "మిగతావి కొట్లో మళ్లీ దొరుకుతాయే. ఇది ఎవరో కూర్చుని చేత్తో కుట్టింది. పోగొట్టుకున్నవాడు మళ్లీ ఎక్కడ కొంటాడు?" అని ఏళ్ల తరబడి నా చెవిలో పోరు. అది దాని ఇంటికి చేరితే చాలు, తనకి ఇంకే కోరికా లేదట!

మొన్నీమధ్య ఆ సినిమాని మళ్లీ పెద్ద తెర మీద వేస్తున్నారని తెలిసి నా కాళ్లు నేల మీద నిలవలేదు. దాని వెనకే ఇంకో కబురు. మెట్లు పడగొట్టి లిఫ్టు పెడుతున్నారు. "ఆదివారం ఆట అవగానే మెట్ల కింది గది ఖాళీ చేసెయ్యాలి పదండమ్మా. మిగిలిందంతా చెత్తబండికే" అన్నాడు ఇప్పటి మేనేజరు. మంచివాడే, కాకపోతే ఖాళీ గదులంటే మహా ఇష్టం.

అత్తయ్య ముఖం మాడిపోయింది. నేనూరుకుంటానా! "ఆ ఆటకి వచ్చేదెవరనుకున్నారు? అప్పటి పిల్లలే! ఇప్పుడు వాళ్ల పిల్లల్ని వేసుకుని వస్తారు. లాబీలో బల్ల వేసి బొమ్మలన్నీ పేర్చుదాం. ఎవరివి వాళ్లు ఎగిరి గంతేసి పట్టుకుపోతారు, చూడండి!"

ఆదివారం మధ్యాహ్నం ఏం జనమండీ! ఎక్కడ చూసినా పిల్లలు, పిల్లల చంకల్లో బొమ్మలు, వెనకాల పిల్లలకంటే ఎక్కువ హడావిడి పడుతున్న అమ్మానాన్నలు. బల్ల చుట్టూ మూగారు. నవ్వారు. ఫోన్లు తీసి ఫోటోలు దిగారు. లోపలికి వెళ్లిపోయారు. బొమ్మ ఒక్కటంటే ఒక్కటి బల్ల మీంచి కదల్లేదు! ఒకావిడ చిన్న కారుని చేతిలోకి తీసుకుని, "నాకూ అచ్చం ఇలాంటిదే ఉండేది. కానీ నాది పసుపుపచ్చ" అని నిట్టూర్చి పెట్టేసింది. బుర్రమీసాల లారీ డ్రైవరొకడు కూతుర్ని భుజాన ఎక్కించుకుని వచ్చాడు. "ఈ పాత సామానంతా ఎవరిక్కావాలమ్మా!" అని నవ్వుతూనే ఏనుగుని తీసి, తిరగేసి, అరికాళ్లు చూశాడు. నవ్వు ఆగిపోయింది. జాగ్రత్తగా దాని చోట దాన్ని పెట్టేసి, పాప్‌కార్న్ కొనుక్కుని లోపలికి వెళ్లిపోయాడు.

లాబీ ఖాళీ అయింది. అప్పుడు తీరిగ్గా బల్ల వంక చూస్తే నాకు అనుమానం తగిలింది. కార్లన్నీ ఒకే రంగు. ముదురెరుపు. మా హాలు తలుపుల రంగు!

"అత్తయ్యా, ఈ కార్లు దొరికినప్పుడు ఏ రంగులో ఉన్నాయి?"

"ఏమోనే, రకరకాలుగా ఉండేవి. పెచ్చులూడి అసహ్యంగా ఉంటే, తలుపులకి వేయగా మిగిలిన రంగు నేనే పూశాను. బాగాలేవూ?"

"ఈ ఏనుగు చెవులు?"

"చిరిగిపోతే పాత తెర గుడ్డ కత్తిరించి కుట్టాను."

"అరికాళ్ల మీద ఏమైనా రాసుందా?"

"ఏవో పిచ్చిగీతలు, పెన్నుతో. వేణ్ణీళ్లలో నానబెట్టి సబ్బేసి రుద్దాను. మొండి మరకలే, ఎంతకీ పోలేదు. నేను మాత్రం వదుల్తానా?" అంది గొప్పగా.

నెత్తీ నోరూ కొట్టుకున్నాను. "మీ శుభ్రం పాడుగానూ! పిల్లలు పెట్టుకున్న గుర్తులన్నీ మీరే కడిగేసి, ఇప్పుడు వాళ్లు గుర్తుపట్టాలంటే ఎలా పడతారు?"

ఆమె బల్ల మీది బొమ్మల్ని ఆ చివర నుంచి ఈ చివరిదాకా చూసింది. నెమ్మదిగా వెళ్లి మెట్ల మీద కూలబడింది. "బాగుచేస్తున్నానే అనుకున్నాను" అంది. ఎప్పుడూ హాలంతా దద్దరిల్లే గొంతు నాకే సరిగ్గా వినపడలేదు. నాకు కోపం ఎటు పోయిందో పోయింది, ఏడుపొచ్చింది.

లోపల సినిమా మొదలైంది. జనం ఘొల్లుమని నవ్వారు. నా టీ వేళయింది, ఎవరి గోల ఎలా ఉన్నా టీ ఆగదు కదా. కప్పులు ట్రేలో పెట్టుకుని లోపలికి వెళ్లాను. మా హాల్లో టీ అమ్మే పద్ధతి ఏమిటంటే, నేను వరస మొదట్లో నిలబడి కప్పు ఇస్తాను. అది ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి వెళ్లి అడిగినవాళ్లకి చేరుతుంది. ఎవరూ తెర మీంచి చూపు తిప్పరు. కళ్ల పని కళ్లది, చేతుల పని చేతులది. కప్పు చీకట్లో అలా సాగిపోతుంటే చూస్తూ నిలబడ్డాను. ఉన్నట్టుండి నా బుర్ర వెలిగింది. ట్రే అక్కడే ఒక మూల పడేసి లాబీలోకి పరుగెత్తాను.

"అత్తయ్యా, లేవండి! బుట్టలో వేయండి అన్నీ! కళ్లు గుర్తుపట్టకపోతే పోయె, చేతులు పడతాయి. టీ అందించినట్టే అందిద్దాం!"

"ఎవడైనా ఊరికే నొక్కేస్తేనో?"

"ఒంటికన్ను ఎలుగుబంటిని ఎవడు నొక్కేస్తాడు! పదండి పదండి!"

అనేశాక నాకే నవ్వొచ్చింది. ఆమె కూడా లేచి నిలబడింది.

ముందు వరస నుంచి మొదలుపెట్టాం. ఈ చివర నేను, ఆ చివర టార్చితో ఆమె. "చిన్నప్పుడు ఇక్కడ పోయిన బొమ్మలండీ. తడిమి చూసి పక్కకి అందించండి. మీదైతే ఉంచేసుకోండి" అని ప్రతి వరసకీ గుసగుసగా చెప్పి ఒక్కొక్కటే వదిలాను. ఆ చివరికి చేరినవన్నీ ఆమె బుట్టలో వేసుకుని వెనక వరస మొదటికి తెచ్చి నాకిస్తుంది. చేరనిది ఇంటికెళ్లినట్టే. అప్పుడు టార్చి ఒకసారి వెలిగించమన్నాను.

మొదటి వరసలో వేసినవన్నీ వేసినట్టే ఆ చివర తేలాయి. "ఏంటక్కా, టీ అనుకున్నా!" అని ఒకడు విసుక్కున్నాడు. రెండో వరసా అంతే. ఆ తర్వాతి వరస మధ్యలో ఎవరో చిన్నగా కేక పెట్టారు. "దీని తలుపు సగం తెరుచుకుని ఇరుక్కుపోతుంది... అయ్యో, ఇది నాదే! నాదే ఇది!" పసుపుపచ్చ కారు పోగొట్టుకున్న ఆవిడ! వెనకనుంచి "ష్!" అన్నారు. ఆ చివర టార్చి వెలిగింది. నాకు గంతులేయాలనిపించింది. వేశాను కూడా, చీకట్లో ఎవరు చూడొచ్చారు!

ఇక చూడండి సంబరం! కుందేలు ఒక వరసలో దిగిపోయింది. ఎలుగుబంటి కోసం అక్కాతమ్ముళ్లిద్దరు పోట్లాడుకున్నారు, ఇద్దరికీ చెవుల పక్కన జుట్టు నెరిసింది. టార్చి మిణుకు మిణుకుమంటూనే ఉంది. "ఆ లైటు ఆర్పండమ్మా!" అని కసిరేవాళ్లు కసిరారు. అన్నీ తగ్గుతున్నాయి గానీ, ఏనుగు మాత్రం ప్రతి వరసా దాటి ఆ చివర తేలుతోంది. తెచ్చిచ్చిన ప్రతిసారీ అత్తయ్య దాని చెవులు సవరించి ఇస్తోంది. "రాలేదేమోనే వాడు" అంది. "ఇంకా వరసలున్నాయిగా, మీరుండండి" అని కసురుకున్నాను.

చివరి వరస మిగిలింది. ఏనుగుని వదిలాను. ఒక చెయ్యి, ఇంకో చెయ్యి, తర్వాత ఏమీ కనపడలేదు. తెర మీద బొమ్మలు పరుగులు పెడుతున్నాయి, జనం ఊపిరి బిగబట్టి చూస్తున్నారు, నేనేమో ఆ చివర చీకటి వంక చూస్తున్నాను. టార్చి వెలగలేదు. ఇంకా వెలగలేదు. అప్పుడు వెలిగింది చూడండి! ఆర్పడం మర్చిపోయింది మహాతల్లి. వెలుగంతా పైకప్పు మీద, అరుపులన్నీ ఆమె మీద.

ఆట అయింది. దీపాలు వెలిగాయి. బుట్టలో ఇంకా కొన్ని మిగిలాయి. వాటిని మా ఇంటికే తీసుకెళ్దామని అప్పుడే అనుకున్నాను, చెత్తబండి ఎక్కనిస్తానా! జనం కబుర్లాడుకుంటూ బయటికి నడుస్తున్నారు. చివరి వరసలో లారీ డ్రైవరు మాత్రం లేవలేదు. అంత మనిషి ఒళ్లో ఏనుగుని పెట్టుకుని, దాని తొండం చివర బొటనవేలితో నొక్కుతూ కూర్చున్నాడు.

"నాన్నా, అది ఎవరిది?" అంది కూతురు.

"నాది."

మమ్మల్ని చూసి మొహమాటంగా నవ్వాడు. "బయట చూసినప్పుడే అనుమానం వచ్చిందమ్మా. చెవులు వేరు, కాళ్ల మీద నేను రాసుకున్న గుర్తూ లేదు. కాదులే అనుకున్నాను. ఇందాక చీకట్లో చేతికి రాగానే, వేలు దానంతటదే తొండం మీదికి వెళ్లింది. లోపల మా నాయనమ్మ పెట్టి కుట్టిన కోటు గుండీ ఉంటుంది. అది నొక్కుకుంటూ నిద్రపోయేవాణ్ణి."

"కుట్టింది ఆవిడేనా?" అంది అత్తయ్య.

"ఆవిడే. ఆ రోజు నన్ను తీసుకొచ్చిందీ ఆవిడే. బయటికొచ్చాక ఏనుగు గుర్తొచ్చి, లోపలికెళ్తానని ఒకటే ఏడుపు. మీరేమో తలుపు దగ్గర 'పదండి పదండి' అంటున్నారు. మా నాయనమ్మ హడలిపోయి నన్ను ఈడ్చుకెళ్లింది." గట్టిగా నవ్వాడు. "ఇంకోటి కుడతానంది గానీ, పాపం, అప్పటికే సూదిలో దారం ఎక్కించే చూపు లేదు."

అత్తయ్య నవ్వలేదు. చీపురు గోడకి ఆనించింది.

లాబీలో తర్వాతి ఆట జనం అరుస్తున్నారు. మేనేజరు తలుపు సందులోంచి తల పెట్టాడు. "పదండమ్మా, ఏంటింకా? కానియ్యి!"

ఆ మాట వినగానే డ్రైవరు అలవాటుగా లేవబోయాడు. అత్తయ్య అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. "కూర్చో నాయనా. ఎంతసేపైనా కూర్చో" అంది. తర్వాత మేనేజరు వైపు తిరిగింది.

"తలుపు కాస్త ఆపండి బాబూ. లోపల ఇంకా పిల్లాడున్నాడు."