ఇనోకుమా హస్తవాసి

మా విశ్వవిద్యాలయంలో ప్రోటీన్ల పని చేసేవాళ్ళలో ఇనోకుమా తొకియె పేరు వినని వాళ్ళు లేరు. ఆవిడ ఎలా ఉంటుందో చాలామందికి తెలియదు, ఆవిడ చేతి గురించి మాత్రం అందరికీ తెలుసు. ఆ చెయ్యి పడితేనే స్ఫటికం కడుతుందని ప్రతీతి. వైద్యులకు హస్తవాసి ఉంటుందంటారే, అలాంటిదన్నమాట. అలాంటి మాటలు నాకు సాధారణంగా ఒళ్ళు మంట. కానీ ఈ ఒక్కటీ నేనూ నమ్మాను.

నా పేరు హతకెనాక. ఎక్స్-రే యంత్రం చూసుకోవడం నా ఉద్యోగం. దాన్ని తుడుస్తూ, తిడుతూ, బాగు చేస్తూ ముప్పై రెండేళ్ళు గడిపాను. ప్రోటీన్ లోపల ఎలా మడతపడి ఉందో చూడాలంటే ముందు అది ఉప్పుకల్లులా గట్టిపడి స్ఫటికం కావాలి. అప్పుడు దాని మీద ఎక్స్-రే కొట్టి చూస్తాం. స్ఫటికం తెచ్చేది ఆవిడ, కొట్టేది నేను. ముప్పై ఏళ్ళలో మేమిద్దరం పని మాటలు తప్ప వేరే మాట్లాడుకున్నది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అయినా ఆ భవనంలో నేను లేచి తలుపు తీసింది ఆవిడకొక్కదానికే.

ఆవిడ ప్రోటీన్ ఒకటే. మనం వేసుకునే మందును ముక్కలు ముక్కలు చేసి పారేసే సూక్ష్మజీవులున్నాయి. అవి ఆ పని ఏ ప్రోటీన్‌తో చేస్తాయో, అది. సూక్ష్మజీవుల్ని పెంచడం, పగలగొట్టడం, గిర్రున తిప్పి తేటను వేరుచేయడం, ఆ తేటను గాజు గొట్టంలోంచి బొట్టుబొట్టుగా దించడం. ఇదంతా నాలుగు డిగ్రీల చల్లగదిలో, స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని. తర్వాత ట్రేలోని గుంతల మీద చుక్కలు వేలాడదీసి, ఉత్త చుక్కల్ని వారాల తరబడి చూస్తూ కూర్చోవడం. అరవై ఒకటి వచ్చేసరికి ఆవిడకు కుడి భుజం లేవడం మానేసింది. దగ్గు వేసవిలో కూడా పోయేది కాదు.

ఈ మధ్య కంప్యూటర్లు వచ్చి, మనం భోంచేసి వచ్చేలోపు ప్రోటీన్ బొమ్మ గీసి పెడుతున్నాయి. ఇంకా ఎందుకండీ ఈ చాకిరీ అని ఆవిణ్ణి అడిగినవాళ్ళున్నారు. బొమ్మ బాగానే గీస్తుంది, కాదనను. కానీ కొత్త మందు ఆ ప్రోటీన్ సందులో ఎటు తిరిగి కూర్చుంటుందో అది చెప్పిన మాట ఒక్కోసారి తప్పుతుంది. ఎవరో ఒకరు కళ్ళతో చూడాలి. మొరిషిగె సెన్సే అని (సెన్సే అంటే గురువుగారు), ముప్పై ఆరేళ్ళ సహాయ ఆచార్యురాలు, చూడాలనుకుంటున్నది సరిగ్గా అదే. ఆమె చేయించిన కొత్త మందు ఉంది. దాన్ని పట్టుకున్న స్ఫటికం కావాలి.

ఇనోకుమాది ఏడాదికేడాది పొడిగించే ఉద్యోగం. ఈసారి మార్చి ముప్పై ఒకటితో సరి అని కార్యాలయం చెప్పేసింది. పింఛను రావాలంటే ఇంకా నాలుగేళ్ళు. ఒకే ఒక్క దారి ఉంది. ఈ మనిషి తప్ప ఈ పని ఇంకెవరి చేతా కాదని విభాగాధిపతి రాసిస్తే ఉంచుకుంటారు. ఆయన రాస్తానన్నాడు. రాయడానికి ఇబ్బందేముంది, అది అందరికీ తెలిసిన నిజమే కదా.

అంతలో పాత భవనం ఖాళీ చేయాల్సి వచ్చింది. భూకంపానికి ఆగదని తేల్చారు, డిసెంబరు ఆఖరుకు కొత్త భవనానికి వెళ్ళిపొమ్మన్నారు. జపానులో ఏడాది చివర ఎలాగూ అందరం ఇల్లూ ఆఫీసూ కడుక్కుంటాం. దానికి తోడు చోటు అప్పగించడం. ఇక ఇనోకుమాను పట్టేదెవరు? తొమ్మిది రోజులు కడిగింది. బల్లలు, సొరుగుల అడుగులు, దీపాల మెడలు, అన్నీ స్పిరిట్ పెట్టి తుడిచింది. చల్లగది తలుపు రబ్బరు సందుల్ని వెదురుపుల్లకు గుడ్డ చుట్టి గీకింది. కోట్లు మూడుసార్లు ఉతికింది. పాత కుంచెలు, పాత డబ్బాలు పారేసింది. లేవని భుజంతో ఎడమచేత్తో గోడలు తుడుస్తుంటే నాకు చిరాకేసింది.

“కూలగొట్టే గోడల్ని కడగడమేంటండీ?” అన్నాను.

“ఇన్నాళ్ళు ఉన్నాం కదండీ,” అంది. “వచ్చినప్పటికంటే శుభ్రంగా అప్పగించకపోతే ఏం బాగుంటుంది?”

నేనూ ఒక గుడ్డ అందుకున్నాను. ఇంకేం చేస్తాను?

జనవరిలో కొత్త గదిలో మొదటి ట్రే పెట్టింది. ఏమీ రాలేదు. రెండోది, మూడోది, పదోది కూడా అంతే. చుక్కలు తేటగా ఉండిపోయేవి, లేకపోతే విరిగిన పాలలా అయ్యేవి. నీళ్ళు మార్చింది. ఉప్పులు కొత్తగా తూచింది. గది వేడి ఒక్కో డిగ్రీ దించింది. చేతికి రాసుకునే క్రీము మానేసింది. ప్రోటీన్‌ను మొదట్నుంచి మళ్ళీ చేసింది, ఒకటి కాదు, నాలుగుసార్లు. అంటే ఆ చల్లగదిలో ఇంకో నాలుగు వారాలు. వరండాలో గుసగుసలు మొదలయ్యాయి. వయసు మీద పడిందని ఒకరు, చెయ్యి వణుకుతోందేమోనని ఇంకొకరు. ఆవిడ మధ్యాహ్నం అందరితో కూర్చుని తినడం మానేసింది. ఒకసారి వెళ్ళేసరికి బల్ల ముందు కూర్చుని తన కుడిచెయ్యి తిప్పి తిప్పి చూసుకుంటోంది. నేను వచ్చిన పని మర్చిపోయి వెనక్కొచ్చాను. విభాగాధిపతి ఉత్తరం పక్కన పెట్టాడు. రాని స్ఫటికాల పేరు చెప్పి ఉత్తరం ఎలా రాస్తాడు?

ఇక్కడ నా బద్ధకం గురించి చెప్పుకోవాలి. నవంబరులోనే ఆవిడ తన మైక్రోస్కోపు నాకిచ్చింది, కింది పలక కదలడం లేదు చూడండని. నేను గుడ్డ కప్పి అరలో పెట్టి మర్చిపోయాను. ఫిబ్రవరి చివర్లో సిగ్గేసి తీసి, మరలు బిగించి, దుమ్ము కూడా తుడవకుండా మోసుకెళ్ళి ఇచ్చాను. ఆవిడ రెండుసార్లు వంగి కృతజ్ఞతలు చెప్పి, ఆ రోజు పెట్టిన రెండు ట్రేల్లో ఒకటి దాని కిందే పూర్తి చేసింది.

నాలుగో రోజు స్ఫటికాలొచ్చాయి. పలకల్లా, అంచులు పదునుగా. మొరిషిగె సెన్సే పరిగెత్తుకుంటూ వచ్చి నాకు చెప్పింది. చెయ్యి మళ్ళీ తిరిగిందన్నారు అందరూ. విభాగాధిపతి ఉత్తరం మళ్ళీ బయటికి తీశాడు. నాకైతే గుండెల మీంచి బరువు దిగినట్టయింది.

ఇనోకుమా మాత్రం నవ్వలేదు. ఆ రోజు మైక్రోస్కోపు దగ్గర తెరిచిన ట్రేలోనే స్ఫటికాలొచ్చాయి, అవతలి బల్ల మీద మూసిన ట్రేలో లేవు. ఆవిడ అది చూసింది. ఇంకెవరైనా చూసేవాళ్ళా? చూసినా పైకి అనేవాళ్ళా? ఈ పనిలో పిల్లి మీసం వాడతారు. స్ఫటికాన్ని మీసంతో తాకి, ఆ మీసాన్ని కొత్త చుక్కలో ముంచితే, దానికంటిన కంటికానని రవ్వ విత్తనంలా పనిచేస్తుంది. ఆవిడ కొత్త మీసం తీసుకుని మైక్రోస్కోపు కింది పలక మూలనున్న దుమ్ముకు ఒక్కసారి రాసింది. రాసి, మొరిషిగె సెన్సేను పిలిచి, చుక్కలన్నీ మీరే పెట్టండి, నేను ముట్టుకోను అంది. సెన్సే వేళ్ళు స్ఫటికాల పనికి బొత్తిగా పనికిరావని ఆమే చెప్పుకుంటుంది. అయినా మూడో రోజుకు ప్రతి చుక్కలోనూ స్ఫటికమే.

ఇనోకుమా ఆ ట్రే పట్టుకుని నా గదికొచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“నా చెయ్యి కాదండీ,” అంది. “దుమ్ము. ముప్పై ఏళ్ళుగా ఆ గదినిండా మా ప్రోటీన్ రవ్వలే. గాల్లో, కోట్ల మీద, దీపాల మీద. ఎవరు చుక్క పెట్టినా ఎంతోకొంత పడేది, నేను ఎక్కువసేపు కూర్చునేదాన్ని కాబట్టి నాకు ఎక్కువ పడేది. అదంతా నేనే కడిగేశాను. మీ అరలో ఉండిపోయిన మైక్రోస్కోపు మీదే మిగిలింది.”

నేను తలుపు వేశాను. ఆవిడ ఏం చేయబోతోందో నాకు అర్థమైపోయింది.

“ఎవరడిగారు మిమ్మల్ని? ఉత్తరం వెళ్ళేదాకా నోరు మూసుకుని కూర్చోండి. రెండు వారాలు. తర్వాత చెప్పుకోండి.”

“నోటుపుస్తకంలో రాసేశాను.”

“ఆ పేజీ చింపండి.”

ఆవిడ నన్ను చూసిన చూపుకు తల దించుకున్నాను. అరవై ఏళ్ళవాణ్ణి, నోటుపుస్తకంలో పేజీ చింపమన్నాను. కానీ నిజం చెబుతున్నాను, ఆ మాట అన్నందుకు ఈ రోజుకీ నాకు పశ్చాత్తాపం లేదు. ఆవిడ అలసిపోయిన మొహం చూస్తే ఎవరైనా అనేవాళ్ళే.

ఎవరైనా సరే అలా చేస్తే స్ఫటికం వస్తుందని, ఆ దుమ్మును ఎలా దాచాలో, మీసాన్ని ఎంత రాయాలో, ఆవిడ పన్నెండు పేజీల పద్ధతి రాసి సెన్సే చేతిలో పెట్టింది. ఇంకెవరి చేతా కాదన్న ఉత్తరం ఇక ఎలా రాస్తారు? విభాగాధిపతి నాతో చాలా విచారంగా మాట్లాడాడు. మనిషి మంచివాడే. రాయలేదు.

సెన్సేకు మందు పట్టుకున్న స్ఫటికం దొరికింది. నేనే ఎక్స్-రే కొట్టాను. కంప్యూటరు చెప్పిన వైపు కాకుండా మందు అడ్డంగా తిరిగి కూర్చుని ఉంది. వ్యాసంలో ఇనోకుమా పేరు కూడా వేస్తానంది సెన్సే, వేసింది కూడా.

మార్చి ముప్పై ఒకటిన పూలగుత్తి ఇచ్చారు, అందరం వంగాం. తర్వాత ఆవిడ కోటు మడిచి సంచిలో పెట్టుకుంటూ నన్ను అడిగింది.

“హతకెనాక గారూ, మరి ముప్పై ఏళ్ళు నేను చేసిందేంటండీ?”

గొంతులో నిష్ఠూరం లేదు. తెలుసుకోవాలని అడిగిన ప్రశ్న. ఈసారి చెర్రీ పూలు తొందరగా పూశాయి అన్నాను. అవునండీ అని వెళ్ళిపోయింది.

ఆ ప్రశ్న నన్ను పీక్కుతింది. యంత్రం ముందు కూర్చున్నా అదే, స్నానం చేస్తున్నా అదే. నెలన్నర తర్వాత, బస్సులో, జవాబు తట్టింది. అంత సులువైన జవాబు అప్పుడెందుకు తట్టలేదో! నా తల మీద నేనే మొట్టుకున్నాను. ఆవిడ స్టేషను పక్కన భోజనం డబ్బాలమ్మే కొట్లో పనికి కుదిరిందని విన్నాను. ఇంటికి పోకుండా అటే వెళ్ళాను.

కాగితం టోపీ పెట్టుకుని, డబ్బాల్లో అన్నం సర్దుతోంది. ఎడమచేత్తో. నన్ను చూసి, సాల్మన్ చేప డబ్బా ఒక్కటే మిగిలిందండీ అంది.

“డబ్బా కోసం రాలేదు. ముప్పై ఏళ్ళ కిందట మొట్టమొదటి స్ఫటికం వచ్చినప్పుడు ఆ పాత గదిలో దుమ్మెక్కడిది?”

అన్నం గరిట ఆగిపోయింది.

“లేదు,” అంది. “కొత్తగా రంగేసి ఇచ్చిన గది అది. మేం చేరేనాటికి గోడల రంగు వాసన కూడా పోలేదు.”

“మరి దాన్నెవరు చేశారు?”

“పదకొండు నెలలు పట్టింది,” అంది, నాతో కాదు, గరిటతో అన్నట్టు. “అప్పటి ప్రొఫెసర్ గారు ఇక వదిలెయ్యమన్నారు. నేను వినలేదు. మర్చేపోయానండీ. అది నేనే చేశాను.”

కళ్ళు నిండిపోయాయి. రెండు చేతులకూ ప్లాస్టిక్ తొడుగులు. తుడుచుకోవడానికి వీల్లేక మోచెయ్యి ఎత్తబోయింది, కుడిది లేవలేదు, ఎడమది ఎత్తి తుడుచుకుంది.

“ఈ మాట మార్చిలో చెప్పలేదేంటండీ మీరు?”

“తట్టలేదు.”

చెప్పినా ఉద్యోగం నిలిచేది కాదు, నాకు తెలుసు. కానీ నెలన్నర ఆ మనిషి తానేమీ చేయలేదనుకుంటూ ఈ కొట్లో నిలబడింది. అది నా చేతకానితనం. తిట్టినా బాగుండేది. తిట్టలేదు. నా వెనక నిలబడ్డావిడకు రెండు డబ్బాలు కావాలట. ఇనోకుమా తొడుగులు మార్చుకుని, క్షమించండి, ఒక్క నిమిషం అని, అన్నం వడ్డించడం మొదలుపెట్టింది.