టీచరమ్మ చేప

మా ఎదురింటి మెకానిక్ పోయి ఈ రోజుకు పందొమ్మిది రోజులు. ఆ ఉదయం పొయ్యి మీద పాలు ఇంకా పొంగలేదు. ఆయన భార్య చెప్పులు లేకుండా వీధి దాటి వచ్చి మా గడపలో నిలబడింది. "టీచరమ్మా, ఆయన లెయ్యలేదు" అంది. నేను పొయ్యి ఆర్పి ఆమె వెంట వెళ్ళాను. మంచం పక్కన స్టూలు మీద ఆయన కళ్ళజోడు మడిచి ఉంది, అద్దాలు తుడిచి ఉన్నాయి. రాత్రి పడుకునే ముందు కూడా వాటిని చొక్కా అంచుతో తుడిచే పెట్టి ఉంటారు.

హోసూరు బస్టాండు వెనక మా వీధిలో ఆయన రేడియోలు, టీవీలు, మిక్సీలు బాగుచేసేవారు. ముందు గదిలో అంగడి, వెనక రెండు గదుల్లో కాపురం. నేను చూసింది ఇరవై రెండేళ్ళు. వచ్చిన వాళ్ళ పేర్లు ఆయనకు గుర్తుండేవి కావు, వస్తువులే గుర్తు. ప్రతి వస్తువుకూ ఒక అట్టముక్క కట్టి దాని మీద ఊరూ సామానూ రాసేవారు. "ఉద్దనపల్లి రేడియో వచ్చినాడమ్మే, టీ పెట్టు" అని లోపలికి కేకేసేవారు. ఒకసారి పగిలిన జారు చూసి, "రాయకోట మిక్సీ మళ్ళీ పెండ్లాంతో కొట్లాడినట్టుండాడు టీచరమ్మా" అని నాతో గుసగుసలాడారు. నేను నవ్వకూడదనుకున్నాను గాని నవ్వాను.

ఆయన తండ్రి పోచంపల్లి సంతలో ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవారట. ఆ తండ్రి పొయ్యి మీద కాల్చి అతుకులు వేసిన రాగి కడ్డీ ఒకటి అంగట్లో గోడకు వేలాడుతుండేది. తండ్రి చెప్పిన మాటొకటి కొడుకు పనిచేస్తూ అంటుండేవారు: "మెరిసే అతుకును నమ్మకూడదు. పట్టి లాగి చూడల్ల." పైకి సీసం నున్నగా కూర్చుని లోపల పట్టని అతుకే అన్నిటికంటే చెడ్డదని, అది ఏళ్ళ తర్వాత మోసం చేస్తుందని చెప్పేవారు. ఆ మాట నాకు ఎంత అవసరమవుతుందో అప్పుడు తెలియదు.

నేను లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. కొడుకూ కోడలూ పొద్దున్నే ఫ్యాక్టరీ బస్సు ఎక్కితే సాయంత్రం ఏడుకు గాని రారు. మనవరాలు నా దగ్గరే పెరిగింది. దానికి పదకొండో ఏట పచ్చకామెర్లు వచ్చి నలభై రోజులు మంచం మీద ఉంది. పిల్లలెవరినీ దగ్గరికి రానివ్వలేదు. అప్పుడు వాళ్ళ నాన్న బెంగళూరు నుంచి చేతిలో పట్టే ఆటపెట్టె ఒకటి పాతది తెచ్చిచ్చాడు. వెనక ఒక చిన్న బిళ్ళ గుచ్చితే అందులో లోకమంతా తెరుచుకుంటుంది. అడవుల్లో, కొండల్లో, నీళ్ళలో రకరకాల వింత జీవాలుంటాయి. వాటిని పట్టుకుని పెంచాలి.

మనవరాలు ఎన్ని పట్టిందో నాకు లెక్క ఉంది. నలభై మూడు. కాని అది ప్రాణంగా పెంచింది ఒక్కదాన్నే. సముద్రం అట్టడుగున ఉండే కరెంటు చేప. నుదుటి మీద సన్నని కాడ, కాడ చివర దీపం. మునిగేకొద్దీ తెర నల్లబడుతుంది, ఆ దీపం ఒక్కటే కనబడుతుంది. పిల్ల దానికి చుక్కి అని పేరు పెట్టింది. సముద్రాన్ని అది ఎన్నడూ చూడలేదు. దానికి తెలిసిన పెద్ద నీళ్ళు కెలవరపల్లి డ్యామే.

కామెర్లు తగ్గాక ఆట రోజుకు అరగంటే అన్నాను. అయిదున్నర నుంచి ఆరు. నోటు పుస్తకంలో తేదీ, నిమిషాలు రాసేదాన్ని. "రెండు నిమిషాలు అదనం, రేపు తగ్గింపు" అని రాసిన రోజులున్నాయి.

"చుక్కి అడుగున ఉందవ్వా, పైకి వచ్చినాక ఆపుతా!"

"రేపు ముందే పైకి రా."

ఒక శుక్రవారం బడికి పోతూ పిల్ల అంది, "అవ్వా, ఆట సరిగ్గా తెరుచుకోవడం లేదు. మామకు చూపిస్తావా?" మామ అంటే మెకానిక్. సరేనన్నాను. పిల్ల వెళ్ళాక ఆ బిళ్ళను చూశాను. కింది అంచున సన్నని పళ్ళు వరసగా, ఇత్తడి రంగులో, నల్లగా మాసి ఉన్నాయి. శుక్రవారాలు నేను దీపపు కుందులు తోమే రోజు. పళ్ళెంలో చింతపండూ ఉప్పూ కలిపి సిద్ధంగా ఉంది. ఇంత చిన్న మురికికి మెకానిక్ దాకా ఎందుకనిపించింది. పళ్ళకు చింతపండు పట్టించి తోమాను. నిజంగానే తళతళలాడాయి. కుళాయి కింద కడిగి, కుందుల పక్కన మేడ మీద ఎండబెట్టాను. మధ్యాహ్నం పెట్టెలో గుచ్చి చూస్తే తెర వెలగలేదు. బిళ్ళను చెవి దగ్గర ఆడిస్తే లోపల నీళ్ళు కదిలాయి.

బడి నాలుగుకు వదులుతారు. నేను వీధి దాటేసరికి మూడు కావడానికి పది నిమిషాలుంది.

"ఏం చేసినారు టీచరమ్మా దీన్ని?"

"చింతపండు పెట్టి తోమినాను."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని నన్ను చూశారు. "దీపం కుందె అనుకొంటిరా? ఇత్తడికి చింతపండు మంచిదే. దీనికి ఉప్పే విషం."

"చేప ఉందా, పోయిందా చెప్పప్పా."

బిళ్ళ వెనకున్న మరను తిప్పడానికి సరిపోయే తిరుపుళి ఆయన దగ్గర లేదు. పెన్ను గొట్టం కొనను కొవ్వొత్తి మీద మెత్తబరచి, మర తల మీద నొక్కి, ఆరేదాకా ఊదారు. గొట్టం మర ఆకారం పట్టుకుంది. తిప్పితే ఊడివచ్చింది. లోపల ఆకుపచ్చ పలక, దాని మీద బొట్టుబిళ్ళంత బ్యాటరీ, చుట్టూ ఎర్రటి చింతపండు నీళ్ళు. స్పిరిట్ దూదితో పలకంతా తుడిచి, మీటరు పెట్టి చూశారు.

"కొనప్రాణం ఉండాది. పిల్ల ఆడినదంతా ఈ బ్యాటరీ మోస్తా ఉంది. ఇది ఆగితే చేపా లేదు, సముద్రమూ లేదు. మార్చల్ల. తీసేటప్పుడు కూడా కరెంటు తెగకూడదు."

రెండు పెన్సిల్ సెల్లులు జోడించి, ఎర్ర తీగా నల్ల తీగా కట్టి, వాటి కొనలు పలక మీద రెండు చోట్ల ఆనించి నా చేతికిచ్చారు. "గట్టిగా పట్టుకోండి. తుమ్ము వచ్చినా తుమ్మకండి." పాత బ్యాటరీ ఊడదీశారు. కొత్తది పెట్టి, సాల్డరింగ్ కడ్డీ అందుకున్నారు. అప్పుడే కరెంటు పోయింది.

ఫ్యాను ఆగింది. కడ్డీ కొన ఆయన చేతిలోనే చల్లబడింది. పాతది బల్ల మీద ఉంది, కొత్తది అతకలేదు.

"టీచరమ్మా, ఇప్పుడు చేప ప్రాణం మీ వేళ్ళ సందున ఉండాది. కదలొద్దు."

గోడ మీది తండ్రి రాగి కడ్డీ తీసుకుని ఆయన వెనక గదిలోకి పరుగెత్తారు. కిరోసిన్ స్టవ్వుకు పంపు కొడుతున్న చప్పుడు వినిపించింది. ఎదురుగా గడియారం. మూడు యాభై. ఒక వేలు తిమ్మిరెక్కింది. తర్వాత మణికట్టు వణకడం మొదలయింది. మోచేతులు బల్లకు అదిమిపెట్టి, ఊపిరి చిన్నగా తీసుకున్నాను. నాలుగు కొట్టింది. చెమట కంట్లోకి దిగింది, తుడుచుకోలేదు. పిల్లలకు బెంచీ ఎక్కించి చేతులు చాపించిన రోజులు గుర్తుకొచ్చాయి. అయిదు నిమిషాలు ఎంత పొడుగో అప్పుడు నాకు తెలియలేదు.

నాలుగుంబావుకు వాకిట్లో సంచి చప్పుడు.

"అవ్వా, ఈడేం చేస్తా ఉండావు? అది నా చుక్కి కదా!"

లోపలి నుంచి మెకానిక్ గుడ్డతో పట్టుకున్న కడ్డీతో వచ్చారు. కొన ఎర్రగా ఉంది. నా ముఖం చూశారు, పిల్ల ముఖం చూశారు.

"బ్యాటరీ అయిపొయ్యిందమ్మా. మీ అవ్వ చూసి తెచ్చినారు కాబట్టి సరిపాయ. లేకుంటే నీ చేప పోయుండును."

పిల్ల వచ్చి నా భుజానికి తల ఆనించింది. "థ్యాంక్స్ అవ్వా" అంది. కదిలితే చేప పోతుందని చేతులు కదల్చలేదు. నోరు కూడా కదల్చలేదు.

సీసం చిటపటమని కరిగింది. ఆయన అతుకును గోటితో పట్టి లాగారు, ఊడలేదు. "వదలండి" అన్నారు. నా వేళ్ళు వెంటనే తెరుచుకోలేదు. పెట్టెలో గుచ్చితే తెర వెలిగింది. కాడ చివర దీపంతో చుక్కి వచ్చింది. పిల్ల అంగడంతా ఎగిరింది. మేం బయల్దేరుతుంటే ఆయన ఆ బిళ్ళకు రాసిన అట్టముక్క చూపించారు. దాని మీద "టీచరమ్మ చేప" అని రాసి ఉంది.

ఆ నెల్లోనే పిల్ల ఒక గాజు కప్పు పగలగొట్టి ముక్కలు బియ్యం డబ్బా వెనక దాచింది. పగిలినందుకు కాదు, దాచినందుకు అని చెప్పి పది రోజులు ఆట ఆపాను. నోటు పుస్తకంలో కారణం కూడా రాశాను. మర్నాడు వీధిలో మెకానిక్ ఎదురై, "టీచరమ్మా, అతుకు పట్టిందా?" అన్నారు. పట్టిందన్నాను. ఆయన తల ఊపి వెళ్ళిపోయారు. ఆయన అడిగింది బ్యాటరీ గురించి కాదని ఇద్దరికీ తెలుసు. తర్వాత ఏడేళ్ళలో ఆ ప్రశ్న మరో నాలుగుసార్లు అడిగారు. ఎవరి ముందూ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. నేనే చెప్పాలని ఊరుకున్నారు. నా పరువు కాపాడిన మనిషికి నేను ఒక్క నిజమైన జవాబు ఇవ్వలేకపోయాను.

మనవరాలు ఇప్పుడు కృష్ణగిరిలో హాస్టల్లో ఉండి ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదువుతోంది. పదకొండో రోజు కర్మకు వచ్చింది. ఆయన భార్య అంగడి తలుపు తెరిచి, పిల్లకు ఏదైనా గుర్తుగా కావాలంటే తీసుకోమంది. మేకుకు ఆ రెండు పెన్సిల్ సెల్లులు, ఎర్ర తీగ, నల్ల తీగ ఇంకా వేలాడుతున్నాయి. నేను అక్కడే, ఆ బల్ల పక్కనే, చింతపండు సంగతి చెప్పాను.

పిల్ల ఆ తీగల కొనలు పట్టుకుని చూసింది. తర్వాత, "కప్పు దాచినానని పది రోజులు ఆపినావు" అంది.

"అవును."

"అప్పటికి నువ్వు దాచి ఎన్ని రోజులు?"

"పద్దెనిమిది."

మేకు మీంచి తీగలు తీసుకుని సంచిలో పెట్టుకుంది. "ఆ బిళ్ళ హాస్టల్లో నా పెట్టెలోనే ఉంది. ఆట తెరిచి రెండేళ్ళయింది. బ్యాటరీ ఉందో లేదో" అంది. నా కాళ్ళకు దండం పెట్టకుండా బస్సెక్కింది.

రోజూ సాయంత్రం ఏడుకు ఫోన్ చేసే పిల్ల ఆ రోజు చేయలేదు. మర్నాడూ చేయలేదు. ఏడు సాయంత్రాలు ఫోను పక్కన కూర్చున్నాను. ఎదురింటి అంగడికి తాళం. అడగడానికి ఆయన లేరు. అడిగి ఉంటే, ఈసారి నిజం చెప్పి ఉండేదాన్ని: లాగి చూస్తున్నాను, పడుతుందో ఊడుతుందో తెలియదు అని.

నిన్న ఏడుకు ఫోను మోగింది.

"అవ్వా, మూడు గంటలు పట్టింది. నా రూమ్మేట్ చేత తీగలు పట్టించి కొత్త బ్యాటరీ అతికినాను. ఊరికే చెయ్యి కదిలిస్తానే ఉండింది అది. నీ మాదిరి పట్టుకోలేదు."

"చేప ఉందా?" అన్నాను.

"ఉందవ్వా. అడుగునే ఉంది. చుట్టూ నల్లగా ఉంది, దీపం ఒకటే కనిపిస్తా ఉంది."

"పైకి తీసుకురా" అన్నాను.

"కొంచెంసేపు ఉండనీ" అంది. ఆపమని నేను అనలేదు. గడియారం వైపు చూడలేదు. ఫోను చెవికి ఆనించుకుని ఇద్దరం ఊరకే ఉన్నాం. అటునుంచి నీళ్ళ చప్పుడు లాంటి ఆట సంగీతం సన్నగా వినిపిస్తూ ఉంది.