ఉగాది మర్నాటి రాళ్లవాన

బోధన్‌లో మగ్గం నేసుకునే రాజనర్సుకు తేదీలంటే గిట్టవు. పుట్టుకలు, పెళ్లిళ్లు, ఆఖరికి ఇంట్లో తొక్కు జాడీ కొన్న రోజు కూడా ఆయనకు వరదలతో, పిడుగులతో, రాళ్లవానలతోనే గుర్తు.

"మన పెండ్లెప్పుడయిందో యాదికున్నదా?" అని భార్య వెంకటవ్వ ఒకసారి మురిపెంగా అడిగింది.

"ఎందుకుండదు? మంజీర పొంగి బర్రెలు కొట్టుకపోయిన ఏడు. నీళ్లు దిగినంక పదకొండో రోజు."

"నా పెండ్లికి బర్రెలే దొరికినయా నీకు గుర్తు?"

"ఏడు బర్రెలు" అన్నాడు రాజనర్సు, లెక్క అసంపూర్తిగా వదలడం ఇష్టంలేక.

నిజామాబాద్‌లో ఏదో పనిమీద కచేరీకి పోతే అక్కడి మున్షీ వయసు చెప్పమన్నాడు. "గాలిదుమారం లేసి ఊర్ల పెంకులన్నీ ఎగిరిపోయిన నాడు నేను పాకుతున్న" అన్నాడు రాజనర్సు. "గది ఏ సాలు?" అన్నాడు మున్షీ. "గదంత మీ కాయితాలల్ల ఉంటది, సూస్కోరాదు?" అన్నాడీయన. మున్షీ కాసేపు ఆయన మీసాలు పరిశీలించి, తనకు తోచిన అంకె వేసుకొని పంపేశాడు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఏ పిడుగు ఎవరి చింతచెట్టు మీద పడిందో, ఏ వరద ఎవరి గడప దాకా వచ్చిందో ఆయన చెబితే అది రాతిమీద గీతే. పొలం గట్టు దగ్గర తగాదా వచ్చినా, పిల్లల వయసులు తేల్చాలన్నా జనం ఆయన మగ్గం దగ్గరికే వచ్చేవారు. ఒక్క రాళ్లవాన విషయంలో మాత్రం ఆయనకూ ఊరికీ పేచీ.

పద్దెనిమిదేళ్ల కిందటి ఉగాది నాడు, ఇంకా నైవేద్యాలు కాకముందే, నిమ్మకాయలంత వడగళ్ల రాళ్లు పడ్డాయి. ఊరందరికీ తెలుసు. వెంకటవ్వకు మరీ బాగా తెలుసు. వాకిట్లో కొత్త కుండలో కలిపి పెట్టిన పచ్చడి, ఒక్క రాయి దెబ్బకు కుండతో సహా పోయింది. రాజనర్సు మాత్రం ఆ వాన ఉగాది మర్నాడు పడిందంటాడు.

"ఉగాది పచ్చడి మర్నాడెవరన్న కలుపుతరా?" అని వెంకటవ్వ నిలదీసింది.

"నువ్వు కలిపినవు. పండుగ నాడు నీకు బద్ధకమైంది."

వెంకటవ్వ మూడు రోజులు మాట్లాడలేదు. ఆ మూడు రోజులూ ఆయన అరుగుమీద కూర్చొని దారినపోయే ప్రతివాళ్లకూ మర్నాటి రాళ్లవాన గురించి చెప్పాడు. గడ్డం గీసే కొమురయ్య ఒకసారి కత్తి ఆపి, "ఉగాది నాడే గదనే అన్నా" అన్నందుకు దిగ్గున లేచి, సగం గడ్డంతోనే వెళ్లిపోయాడు. రెండు రోజులు అదే సగం గడ్డంతో బజారంతా తిరిగాడు. తన చేతిపనికి చెడ్డపేరు వస్తుందని కొమురయ్యే ఇంటికొచ్చి, "మర్నాడే అన్నా, మర్నాడే. కూసో" అని మిగతా సగం గీసిపోయాడు. అట్లా పద్దెనిమిదేళ్లు ఊపిరి సలపనివ్వకపోయేసరికి ఊరు చేతులెత్తేసింది. వెంకటవ్వ మాత్రం ఎత్తలేదు.

బోధన్‌లో శక్కర్ ఫ్యాక్టరీ లేచిన కొత్తలో, దానికి చెరుకు బండ్లు తోలే పక్కింటి పోశన్న కూతురు సాయవ్వకు వేల్పూర్ నుంచి సంబంధం వచ్చింది. పసుపు పండించే ఇల్లు. పిల్లవాడు బుద్ధిమంతుడు. ఇరుగుపొరుగు అంతా పోశన్న వాకిట్లోనే ఉన్నారు. అన్నీ కుదిరి, పిల్లవాడి నాయనమ్మ హన్మవ్వ తాంబూలం పళ్లెం మీద చెయ్యి వేయబోతూ మాటవరసకు అడిగింది.

"పిల్ల ఎప్పుడు పుట్టింది?"

"ఉగాది నాడే అవ్వా. పద్దెనిమిదేండ్లాయె" అన్నాడు పోశన్న, అబద్ధం చేతగాని మనిషి.

ముసలమ్మ వేళ్లమీద లెక్కబెట్టి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"రాళ్లవాన వడ్డ ఉగాది గదా! మా పసుపంత కల్లంలనే పాయె. గా రాళ్లతోని పుట్టిన పిల్లను మా ఇంటికి ఎట్ల తోలుకపోవాలె?"

గుమ్మంలో నిలబడ్డ సాయవ్వ తలవంచుకుంది. రాజనర్సు తుండు దులిపి ముందుకొచ్చాడు.

"అవ్వా, బోధన్ల రాళ్లవాన ఉగాది మర్నాడు."

"మా వేల్పూర్ల ఉగాది నాడే వడ్డది. నెత్తిమీద చాట వెట్టుకొని ఉరికిన."

"వడ్డది. నేను కాదంటున్ననా? మీరు వేల్పూర్ల బండి ఎప్పుడు కట్టిండ్రు?"

"నిన్న పొద్దుగాల."

"ఈడికెప్పుడొచ్చిండ్రు?"

"ఇయ్యాల."

"మరి మబ్బుకు గూడ గంత టైం పట్టదా?"

కొమురయ్య వెంటనే, "మర్నాడే అవ్వా" అన్నాడు. ఇంకో నలుగురు తలలూపారు. ముసలమ్మ ఎవరినీ నమ్మలేదు. వెంకటవ్వ వైపు తిరిగింది.

"మొగోళ్లకు పండుగ సంగతేమెరుక? నువ్వు చెప్పు బిడ్డా. ఉగాది నాడా, మర్నాడా?"

పరాయి ఊరి మనిషి ఎదుట మొగుడి లెక్క తప్పని తేల్చే అవకాశం వెంకటవ్వకు పద్దెనిమిదేళ్లకు దొరికింది. నోరు తెరిచింది. అప్పుడు ఆయన ముఖం కనిపించింది. మంజీర గడప దాకా వచ్చినప్పుడు కూడా ఆమె ఆ ముఖంలో భయం చూడలేదు. ఇప్పుడు చూసింది.

ఆ ఉగాది నాడు పోశన్న ఇంటి ముందు రాళ్లు ఏరుతూ ఆడవాళ్లు, "పుడుతనే రాళ్లు తోలుకొచ్చింది" అనుకోవడం ఆమెకు గుర్తొచ్చింది. ఆ మాట విని రాజనర్సు వాళ్లమీద ఎగిరిపడ్డాడు. నెల తిరగకముందే మర్నాటి పాట ఎత్తుకున్నాడు. ఇన్నేళ్లూ కట్టుకున్న పెళ్లాంతో, గడ్డం గీసేవాడితో, ఊరందరితో కొట్లాడింది ఇందుకా! మొగుడిమీద అంత ప్రేమ వెంకటవ్వకు పెళ్లినాడు కూడా కలగలేదు.

"మర్నాడే అవ్వా" అంది. "పండుగ నాడు నాకు బద్ధకమైంది. పచ్చడి గూడ మర్నాడే కలిపిన."

హన్మవ్వ అందరి ముఖాలూ ఒకసారి కలయజూసి, తాంబూలం అందుకుంది.

బండి ఎక్కేటప్పుడు ముసలమ్మ వెంకటవ్వ చెయ్యి పట్టుకొని చెవిలో చెప్పింది. "ఉగాది నాడు మబ్బు మీ బోధన్ దిక్కు నుంచే వచ్చింది, నేను సూసిన బిడ్డా. పిల్ల కోసం ఊరు ఊరంత గింత బొంకుతున్నదంటే, పిల్ల బంగారమే అయ్యుండాలె." తర్వాత అందరికీ వినబడేలా, "ఇంటికి వోయినంక మా వేల్పూర్ల గూడ మర్నాడే వడ్డదని చెప్త తియ్యి" అంది.

ఎడ్లను కాడికి కడుతున్న రాజనర్సు తలెత్తాడు.

"అట్లెట్ల అవ్వా! వేల్పూర్ల ఉగాది నాడే వడ్డది. లెక్క తప్పు చెప్పద్దు."

బండి ఊరు దాటేదాకా ఆయన చక్రం పక్కన నడుస్తూ ముసలమ్మకు ఆ లెక్క అప్పజెబుతూనే ఉన్నాడు. వెంకటవ్వ వెనక్కి పిలవలేదు.