ఫస్టు క్లాసులో పాసైన చెవి

జనగామ నుంచి భూపాలపల్లి దాకా, మధ్యలో మహబూబాబాద్‌ను కలుపుకొని, నా చేతి రంగు పడని ట్రాక్టర్ ట్రాలీ లేదు. కాటారంలో వడ్ల బస్తాలు మోసే ట్రాలీ వెనకపలక మీద ఎర్ర తామర కనిపిస్తే అది నాదే. డోర్నకల్ గేటు దగ్గర ఆగిన ట్రాలీ మీద నెమలి పురి విప్పి ఉంటే అదీ నాదే.

మా షెడ్డు మహబూబాబాద్ పొలిమేరలో ఉండేది. నాలుగు వైపులా రేకులు, ఒక మూల కంప్రెసర్. అది మొదలైందంటే పక్కవాడు అరిచినా వినపడదు, సైగలతోనే మాట్లాడుకునేవాళ్లం. రంగు తడిగా ఉన్నప్పుడు దుమ్ము పడితే పలక గరుకు తేలుతుంది. అందుకని స్ప్రే కొట్టేటప్పుడు షట్టర్ కిందికి లాగేసేవాళ్లం. దుమ్ము బయట ఉండేది, థిన్నర్ ఆవిరి మాతోపాటు లోపల ఉండేది. ముక్కుకు రుమాలు కట్టుకుని, రంగు ఒక కోటుకూ ఇంకో కోటుకూ మధ్య ఒక బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే లోపలికి పోయిన విషమంతా కడుక్కుపోతుందని మా నమ్మకం. ఆ శాస్త్రానికి పీఠాధిపతిని నేనే. కొత్తగా ఎవరు పనిలో చేరినా ముందు బెల్లం పెట్టి, ఆ తర్వాతే స్ప్రే గన్ను ఇచ్చేవాణ్ని.

కొన్నాళ్లకు చెవుల్లో కీచురాళ్లు కాపురం పెట్టాయి. టీవీ మోత వీధి మలుపు దాకా పోతోందని, వెనక నుంచి పిలిస్తే తిరిగి చూడటం లేదని మా ఆవిడ నన్ను దవాఖానకు లాక్కుపోయింది.

అక్కడ అద్దం ఉన్న చిన్న గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించారు. “కూత ఇనవడ్డప్పుడల్లా గీ బటన్ ఒత్తు తాతా” అని చెప్పి, పరీక్ష చేసే అమ్మాయి అద్దానికి అవతల మిషన్ ముందు కూర్చుంది. నాకు కూత వినపడలేదు గానీ కళ్లు బాగానే ఉన్నాయి. ఆమె మిషన్ మీద వేలు ఆనించినప్పుడల్లా భుజం కొంచెం కదిలేది. భుజం కదిలితే బటన్ నొక్కాను. ఒక్కటీ తప్పలేదు.

“అబ్బ! తాతకు నాకంటె మంచిగ ఇనవడుతున్నది” అంది ఆ అమ్మాయి.

మా ఆవిడ మాత్రం ఆశ్చర్యపోలేదు. “బిడ్డా, గాయినను గోడ దిక్కు మర్రేసి కూసోవెట్టు” అంది.

గోడను చూస్తూ కూర్చున్నాక నా విద్య ఏమీ సాగలేదు. అంచనా మీద నాలుగైదుసార్లు నొక్కి, చివరికి బటన్ ఒళ్లో పెట్టుకుని ఊరుకున్నాను.

కాగితం మీద దిగజారిన గీత చూసి, ఏం పని చేస్తావని డాక్టరమ్మ అడిగింది. మూడు జిల్లాల కథ ఎత్తుకున్నాను. రోజుకు ఎంతసేపు అని అడిగేసరికి, “ఓ గంట” అన్నాను.

“గంటా? పొద్దుగాల సద్ది వట్టుకపోతే దీపాలు పెట్టేయాల్లకు వస్తడు డాక్టరమ్మా” అంది మా ఆవిడ.

ఇక దాచి లాభం లేదు. మీకూ ఉన్న మాట చెప్పేస్తున్నాను. భూపాలపల్లికి నేను పోయింది ఒకే ఒక్కసారి, అదీ పెళ్లి భోజనానికి. కాటారం తామర నేను మా షెడ్డులోనే వేశాను, ట్రాలీయే అంతదూరం పోయింది. ఇక ఆ నెమలి నా పక్కన పనిచేసే అతనిది. నేను దానికి ముక్కు మాత్రం దిద్దాను.

“మోత ఒక్కటే కాదు తాతా” అంది డాక్టరమ్మ. “థిన్నర్ ఆవిరి గూడ చెవి నరాన్ని తింటది. రెండు కలిస్తే ఇంక జల్ది ఖరాబైతది. పోయింది మళ్ల రాదు. మిగిలింది కాపాడుకోవాలంటే గా పని బందు పెట్టాలె.”

“రోజు బెల్లం తింటున్న గద బిడ్డా?”

“బెల్లం కడుపులకు వోతది తాతా, చెవులకు వోదు.”

వినికిడి కుడి చెవిలో కొంచెం, ఎడమ చెవిలో అంతకంటే నయంగా మిగిలిందట. వంటింట్లోంచి మా ఆవిడ పిలిస్తే విననట్టు నటించడం నాకు చాలా ఇష్టమైన ఆట. నిజంగానే వినపడకపోతే ఆ ఆట ఆడేదెట్లా? దవాఖాన మెట్లు దిగుతుంటే మొదటిసారి భయం వేసింది. ఆ మధ్యాహ్నమే షెడ్డుకు పోయి, గన్నును షెడ్డు ఓనరు చేతిలో పెట్టి, ఇక రానని ఒక్క మాట చెప్పి వచ్చేశాను. పట్టుదల అంటే నాది.

ఇంతవరకు రాసి, చాటలో మిరపకాయల తొడిమెలు తీస్తున్న మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమె చేతిలో పని ఆపి, నా ఎడమ పక్కకు జరిగి కూర్చుంది.

“ఎక్కడ మానినవయ్యా? తెల్లారే సద్ది వట్టుకోని మళ్ల వోయినవ్. షట్టర్ తీసి కొడ్త అన్నవ్, ఒక్కనాడు తియ్యలే. ఆర్నెల్లు గట్లనే వోయినవ్, కుడి చెవి మొత్తమే వాయె. నేనే షెడ్డుకొచ్చి అందరి ముంగట నీ చేతుల గన్ను గుంజుకున్న. గది రాయి.”